ఎడమ మూల నాచు

మొన్న ఒకరోజు విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో, మేమింకా పనికొస్తామో లేదో చూసుకోవడానికి మా ఆఫీసువాళ్లు ఏడాదికొకసారి చేయించే పరీక్షల కోసం, టోకెను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా గోడకి తలుపంత టీవీ, అందులో సముద్రం. నీలం నీళ్లలో నారింజరంగు మీద తెల్లచారలున్న చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి, నాలుగు నిమిషాలకొకసారి మొదటి చేప మళ్లీ మొదటి రాయి వెనకనుంచే వస్తోంది. ఆ నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే వాటిలో ఎవరైనా కాపురం చేస్తున్నారంటే నమ్మబుద్ధి కాదు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ, మాటను బట్టి మా వైపు మనిషే, చాలాసేపు వాటికేసి చూసి, నా వైపు తిరిగి, ఎంతో అనుమానంగా అడిగింది: “ఈటికి తిండి ఎవలెడతారమ్మా?”

ఆ మాట వినగానే నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే చిటికెడు గుళికలు పట్టుకున్నట్టు దగ్గరికి చేరాయి. పదేళ్ల కిందటి అలవాటు. వేళ్లకి మతిమరుపు లేదు.

జ్ఞాపకాలు రాసుకోవడానికి నా వయసు చాలదని నాకూ తెలుసు. ముప్పై మూడేళ్లకే జ్ఞాపకాలైతే అరవైకి ఏం రాస్తావని మా అక్క ఇప్పటికే అడిగింది. కానీ మన ఈడువాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. మనం వాడిన ఫోన్లు, మనం పాటలు నింపుకున్న మెమరీ కార్డులు, మనం గంటలకొద్దీ కూర్చున్న ఇంటర్నెట్ సెంటర్లు, అన్నీ మనకన్నా ముందే ముసలివైపోయి, కొన్ని కాలం కూడా చేశాయి కాబట్టి, పదేళ్ల కిందటి సంగతి చెప్పినా పూర్వకాలం సంగతి చెప్పినంత గౌరవం దక్కుతుంది. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

నా డిగ్రీ పూర్తయి, దానితో ఏం చెయ్యాలో నాకూ తెలియక, ఇచ్చినవాళ్లకీ తెలియక ఉన్న రోజులవి. మాది ఆమదాలవలస. అక్కని కొత్తవలసలో పళ్ల డాక్టరుకిచ్చారు. మాదీ వాళ్లదీ రెండూ బాప్టిస్టు కుటుంబాలే, పెళ్లికి ముందే ఒకరి చర్చిలో పాట ఒకరికి వచ్చు. బావ అప్పటిదాకా విశాఖపట్నంలో ఒక పెద్దడాక్టరు దగ్గర పనిచేసి, సొంతంగా విజయనగరంలో క్లినిక్ పెట్టాడు. విజయనగరమే ఎందుకంటే, అది రెండు కుటుంబాలకీ మధ్యలో ఉంటుందని చెప్పాడు. అంటే రెండు వైపులవాళ్లూ సమానమైన సౌకర్యంతో వచ్చి జోక్యం చేసుకోవచ్చునన్నమాట. కింద క్లినిక్, మేడమీద ఇల్లు. రిజిస్టరు రాసి, పేర్లు పిలిచి, భయపడి పారిపోయేవాళ్లని మెట్ల దగ్గర ఆపే ఉద్యోగం నాకిచ్చారు. అదే నా మొదటి ఉద్యోగం. ఇప్పటికీ అంత అధికారం మళ్లీ దొరకలేదు.

మా బావ గురించి ఒక మాట చెప్పాలి. ఊరందరి నోళ్లూ తెరిపించే వృత్తిలో ఉండి తన నోరు మాత్రం తెరవని మనిషి. చేతులు మంచివి. ఆయన పన్ను పీకితే పీకిందెప్పుడో తెలిసేది కాదు. కానీ పీకుతున్నానని గానీ, పీకానని గానీ చెప్పేవాడు కాదు. కుర్చీలో కూర్చున్న మనిషి భయంతో “ఏటి సేస్తారు బాబూ” అని అడిగితే, బావ “ఏం కాదు” అనేవాడు. అంతే. విశాఖపట్నంలో మాట్లాడే పని పెద్దడాక్టరుది, చేసే పని బావది. ఇక్కడ రెండూ తనవే అయ్యేసరికి, మొదటి నెలలో వచ్చినవాళ్లు రెండో నెలలో రాలేదు. పెద్దడాక్టరు మంచివాడు, బావ కుర్చీ ఖాళీగానే ఉంచానని, ఆరునెలలు చూసుకుని ఏ సంగతీ చెప్పమనీ కబురుపెట్టాడు. ఆ మాట మంచితనంతోనే అన్నా, బావ మీద మాత్రం పరీక్ష తేదీలాగ కూర్చుంది.

అప్పుడు వచ్చింది ఆయనకి చేపల ఆలోచన. బయట కూర్చున్నవాళ్లు చేపల్ని చూస్తారు, మనసు కుదుటపడుతుంది, లోపలికి వచ్చాక మాటలు అక్కర్లేదు. లెక్క బాగానే ఉంది. గాజుగిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లు వేసుకుంటే సరిపోతుందని అక్క అంది. బావ ఏ పనైనా ముందు దాని గురించి ఉన్నదంతా చదివి, ఉన్నవాటిలో కష్టమైనదే ఎంచుకునే రకం. నాలుగడుగుల గాజుపెట్టె, అడుగున రాళ్లు, పంపులు, నీలంరంగు దీపం, అందులో ఉప్పునీళ్లు, ఉప్పునీటి చేపలు. విశాఖపట్నం నుంచి షాపతను వచ్చి బిగించిపెట్టి, ఉప్పు పొడి ఉంటుంది, కలుపుకోవచ్చు అన్నాడు. మా క్లినిక్‌లో పనిచేసే ఆవిడ, మా వైపు అక్కని పిలిచినట్టు అందరం అప్ప అని పిలిచే మనిషి, ఆ మాటకి నొచ్చుకుంది.

అప్ప పుట్టిల్లు భావనపాడు. తమ్ముడికి బోటు ఉంది. ఊళ్లో అంత సముద్రం పెట్టుకుని పొడి కలుపుకోవడం ఆవిడకి తలవంపుగా తోచింది. ఒడ్డు నీళ్లు కావు, బోటు మీద లోపలికంటా వెళ్లి ముంచిన నీళ్లు, ఇరవై లీటర్ల క్యాన్లలో, నౌపడలో పాసింజరెక్కి విజయనగరంలో దిగాయి. దారిలో ఆ క్యాన్ల మూతలు ఎంతమంది వాసన చూశారో లెక్కలేదు. సారా అనుకున్న ఒక పెద్దమనిషి గుక్కెడు పుచ్చుకుని, ఆమదాలవలసలో దిగిపోయాడట. దిగవలసింది అక్కడేనా అని అప్ప తమ్ముడు అడగలేదు.

ప్రారంభానికి మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మనుషుల కోసం ఎంతసేపు చేశారో, చేపల కోసమూ అంతసేపు చేశారు. అవి రెండే. నారింజరంగు మీద తెల్లచారలు, నా బొటనవేలంత. నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయంటే పెట్టె వెనక గోడమీద పెయింటరు చేతిముద్ర కూడా కనిపించింది. బావ ఆరోజు నాలుగు మాటలు మాట్లాడాడు. నాలుగూ చేపలతోనే.

పదిహేనో రోజుకి రాళ్లమీద గోధుమరంగు పొర పట్టింది, టీ మరక లాంటిది. బావ షాపతనికి ఫోన్ చేశాడు. కొత్త ట్యాంకు కదండీ మామూలే, దానంతట అదే పోతుందన్నాడు. నిజంగానే పోయింది, పోతూ పోతూ తన స్థలం పచ్చనాచుకి అప్పగించి వెళ్లింది. మొదట గాజుమీద పచ్చని పొడిలాగ, తరవాత రాళ్లమీద వెల్వెట్ లాగ, ఆ తరవాత జుట్టులాగ. జుట్టంటే మామూలు జుట్టు కాదు. నీళ్ల కదలికకి అటూ ఇటూ ఊగుతూ, దువ్వెన ఇస్తే పాపిడి తియ్యవచ్చు. బావ రోజూ క్లినిక్ మూసేముందు చొక్కా చేతులు మడిచి, పళ్లమీద గార తీసే పనిముట్లతో రాళ్లని గీకేవాడు. పేషెంట్లకి ఇచ్చినంత జాగ్రత్త రాళ్లకీ ఇచ్చాడు. తెల్లారేసరికి రాళ్లు మళ్లీ పచ్చగా నవ్వేవి.

నీటిమట్టం తగ్గితే బావ తల్లి, అంటే మా అత్తయ్య, ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు మిగిలిన సముద్రపు నీళ్లు పోసింది. పోయింది సముద్రం కాబట్టి సముద్రమే పొయ్యాలి కదా అని ఆవిడ న్యాయం. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది, కాబట్టి మంచినీళ్లే పొయ్యాలని బావ ఒక చీటీ రాసి పెట్టెకి అంటించాడు. ఎదురుగా ఉన్న తల్లికి చీటీ రాసే మనిషి ఆయన. అత్తయ్య మిషను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ చీటీలో రెండు అక్షరదోషాలు దిద్ది మళ్లీ అక్కడే అంటించింది.

అత్తయ్యకి క్లినిక్‌లో ఒక స్థానం ఉండేది. పెట్టెకి ఎడమవైపు మూల, గోడవారగా ఉన్న కుర్చీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ దిగివచ్చి, ఒళ్లో సంచీ పెట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే. వచ్చినవాళ్లందరినీ ఆవిడ అడిగే మొదటి ప్రశ్న తిన్నారా అని. పంటినొప్పితో మూడు రోజులుగా మంచినీళ్లు కూడా మింగలేని మనిషిని కూడా అడిగేది. తినలేదంటే ఆవిడ మొహం చిన్నబోయేది, తన తప్పే అన్నట్టు. మా వైపు ఇళ్లన్నీ అంతేననుకోండి, గుమ్మంలోకి వచ్చినవాడు ఎవరు, ఎందుకొచ్చాడు అన్నవి తిన్నాక తేలవలసిన విషయాలు. కానీ అత్తయ్యది అందరికన్నా ముదిరిన కేసు.

ఇక నాచు విషయం ఊళ్లోకి పాకింది. ఒకనాడు నెల్లిమర్ల వైపునుంచి వచ్చిన ఒకాయన పెట్టెకేసి చాలాసేపు చూసి, పక్కవాడితో, తగ్గు గొంతు అనుకుని, అందరికీ వినపడేలా అన్నాడు: “గాజుపెట్టి తోంకోలేనోడు మన పళ్లేటి తోంతాడు?” తెరకి అవతల బావ చేతిలో యంత్రం ఆగడం నాకు వినిపించింది. ఒక క్షణమే ఆగి మళ్లీ మొదలైంది. నేను ఆయన పేరు రిజిస్టరులో ఆఖరికి దింపాను. నా చేతిలో ఉన్న శిక్ష అదొక్కటే.

ఆ మాట బావకి గట్టిగా తగిలింది. అప్పటికి ఆరునెలల్లో ఇరవై రోజులు మిగిలాయి. నాచుకీ తన చదువుకీ ఏదో ముడిపెట్టుకున్నాడు. నాలుగడుగుల నీళ్లు శుభ్రంగా ఉంచలేనివాణ్ణి సొంతంగా ఏం నిలబడతానని అక్కతో అన్నాడట. అక్క నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను అక్కతో, పెద్దడాక్టరు దగ్గరికి వెళ్లిపోతే కనీసం ఈ నాచు ఎవరికి కట్నంగా ఇవ్వాలో ఆలోచించమన్నాను. అలాంటప్పుడు అలాంటి మాటలు అనకూడదని నాకు తెలుసు. కానీ ఇంట్లో అందరూ ఒకేసారి బాధపడితే పేర్లెవరు పిలుస్తారు?

అప్ప ఊరుకోలేదు. భావనపాడులో గట్టుకి వేసిన రాళ్లమీద నాచుని ఎవరు గీకుతున్నారో చెప్పండి బాబూ అంది. నత్తలు. ఆ ఆదివారం తమ్ముడి చేత ఇరవైనాలుగు నల్లనత్తలు తెప్పించింది. బావ వాటిని పుస్తకాల్లో వెతికి, అవి నాచు తినే జాతేనని నిర్ధారించుకుని లోపలికి దింపాడు. రెండురోజులు నత్తలు నడిచిన దారల్లా గాజుమీద తళతళమని తెల్లని బాటలు పడ్డాయి. మూడోరోజు పొద్దున్న నేను షట్టరెత్తేసరికి, అలవాటు ప్రకారం నీళ్లలోంచి పైకి పాకి, గోడమీద అయిదు, నా రిజిస్టరు మీద ఒకటి, పళ్ల నమూనా బొమ్మ లోపల దవడపన్ను పక్కన ఒకటి ఉన్నాయి. మొదటగా వచ్చిన పేషెంటు ఆ నమూనా చూసి, రేపొస్తానని వెళ్లిపోయింది. ఆ రేపు ఇంకా రాలేదు. పెట్టెమీదకి వల మూత వేశాం. నత్తలు తింటూనే ఉన్నాయి. నాచు అంతకన్నా వేగంగా పెరుగుతూనే ఉంది.

చివరికి షాపతను ఒక ఉపాయం చెప్పాడు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా, మూడురోజులు చేపలకి ఏమీ పెట్టవద్దు. వాటికేం కాదు. అప్పటికీ తగ్గకపోతే సోమవారం వచ్చి పెట్టె పట్టుకుపోతానన్నాడు. పెద్దడాక్టరుకి జవాబు చెప్పవలసింది కూడా ఆ సోమవారమే. మామూలుగా చేపలకి పొద్దున్న ఒక్కసారి, ఒక్క చిటికెడు గుళికలు, నేను మాత్రమే వెయ్యాలని కట్టడి. ఇప్పుడు అది కూడా లేదు. గుళికల డబ్బా నా సొరుగులో పెట్టి తాళం వెయ్యమని బావ చెప్పాడు. అందరం సరేనన్నాం. అత్తయ్య మాత్రం సరేననలేదు, బదులుగా సంచీ సర్దుకుంది.

శుక్రవారం గడిచింది. శనివారం ఆ రెండు చేపలూ గాజు దగ్గరికి వచ్చి, నా మొహంలోకి చూస్తూ నోళ్లు తెరిచి మూశాయి. చేపలు ఎప్పుడూ నోళ్లు తెరిచి మూస్తాయని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమవుతుంది?

ఆదివారం చర్చికి వెళ్లి వచ్చి, భోజనాలు చేసి, అందరం నిద్రపోతున్నామని ఒకరికొకరు చెప్పుకుని గదుల్లోకి వెళ్లాం. కాసేపటికి నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనకమెట్ల మీదుగా కిందికి దిగాను. పెట్టెలో దీపం తప్ప క్లినిక్ అంతా చీకటిగా, చల్లగా ఉంది. సొరుగు తాళం తీసి, చిటికెడు గుళికలు పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్లబోయేసరికి మెట్లమీద అడుగుల చప్పుడు. బల్ల వెనక దాక్కున్నాను. వచ్చింది అక్క, చేతిలో గిన్నె, గిన్నెలో చిదిపిన గుడ్డుసొన. అది వంపేలోగా మళ్లీ అడుగులు. అక్క కూడా బల్ల వెనక్కే వచ్చింది, ఇల్లంతటికీ దాక్కునే చోటు అదొక్కటే కనుక. నన్ను చూసింది. నేను గిన్నె చూశాను. పక్కకి జరిగి చోటిచ్చాను.

మూడోసారి వచ్చింది అత్తయ్య. ఆవిడ దాక్కోవడం లాంటివేమీ పెట్టుకోలేదు. తన కుర్చీలో కూర్చుని, సంచీలోంచి చిన్న పొట్లం తీసి, వలమూత ఒక అంచు ఎత్తి, తన పక్కనే ఉన్న ఎడమ మూలలో కొంచెం కొంచెంగా రాల్చింది. అన్నం మెతుకులు, అంటిన చేపల పులుసు కడిగి తుడిచినవి. ముప్పై ఏళ్లు పిల్లలకి మధ్యాహ్నం అన్నాలు తినిపించిన గొంతుతో, మెల్లగా అంది:

“తినండ్రా. ఆడు సూడ్డం లేదులే.”

ఇంతలో ముందువైపు షట్టరు జానెడు పైకి లేచింది. కింద చీరకుచ్చెళ్లు, వాటి వెనక అప్ప. ఎండురొయ్యల పొడి వాసన ఆవిడకన్నా ముందు లోపలికి వచ్చింది. అత్తయ్యని చూసి అప్ప, అప్పని చూసి అత్తయ్య, ఆ చప్పుడుకి మేమిద్దరం లేచి నిలబడటం, అన్నీ ఒక్కసారే జరిగాయి. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తేలని పరిస్థితి. సరిగ్గా అప్పుడే లోపలిగదిలో దీపం వెలిగింది.

బావ పేషెంట్ల కుర్చీలో పడుకుని ఉన్నాడు. పెద్దడాక్టరుకి ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి మధ్యాహ్నమే వచ్చి పడుకున్నాడట. అంటే మొదటినుంచీ అన్నీ విన్నాడు. బయటికి వచ్చి, నా చిటికెడునీ, అక్క గిన్నెనీ, అప్ప పొట్లాన్నీ, తల్లి సంచీనీ వరసగా చూశాడు. కాటా దగ్గర లెక్క కట్టేవాడిలాగ, ఏ కోపమూ లేకుండా అన్నాడు:

“సేపలు రెండు. పెట్టే సేతులు నాలుగు.”

గాజుమీద పాకుతున్న నత్త కూడా ఆగిపోయింది. అప్పుడు బావ తన చొక్కా జేబులోంచి చిన్న కాగితం మడత తీసి బల్లమీద పెట్టాడు. అందులో గుళికలున్నాయి. డబ్బాకి తాళం పడకముందే తీసి దాచుకున్నవి.

“అయిదు” అన్నాడు.

ముందు అక్క నవ్వింది. ఆ తరవాత నవ్వింది బావ. నేను ఆ ఇంట్లో ఉన్న అన్ని నెలల్లో ఆయన నవ్వగా వినడం అదే మొదలు. అలవాటులేని పని కాబట్టి మధ్యలో ఎలా ఆపాలో తెలియక ఇబ్బందిపడ్డాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆవిడకి అది నవ్వే విషయం కాదు.

“పస్తు అనేది ఎవలికి ఆలు ఉండాలి గానీ, ఒకల సేత ఉంచకూడదురా” అంది. “కావలిస్తే నానుంటాను. ఆటిని మానిపించకు.”

ఆ మాటకి బావ పెట్టె ముందు స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు గడియారం చూడాలని తోచింది, పావుగంట దాటింది. చేప తినగలిగింది రెండు నిమిషాల్లో తినేస్తుంది, మిగిలినదెక్కడికీ పోదు, రాళ్లసందుల్లో చేరి కుళ్లి, నీళ్లలో కరిగి, మనం వరిచేలో వేసే యూరియా చేసే పనే చేస్తుంది. పైనుంచి పొద్దుట్నుంచి దీపం. ఇంక నాచు పండక ఏమవుతుంది, ఒకరికి తెలియకుండా ఒకరం రోజూ పెడుతూ అయిదుగురం కలిసి ఇన్నాళ్లూ నాచు సాగుచేస్తున్నామని చెప్పాడు. గీకడంవల్ల కోత కోస్తున్నాం తప్ప ఎరువు ఆపడం లేదన్నాడు. ఆ నత్తలు కూలికి వచ్చినవాళ్లలాగ ఎంతని తింటాయన్నాడు. ఆమదాలవలస పొలాల మధ్య పెరిగిన అక్కకీ నాకూ, సముద్రం పక్కన పుట్టిన అప్పకీ, బడిపంతులమ్మకీ, నలుగురికీ ఒకేసారి బోధపడింది. అంత తేలిగ్గా, చేతులు ఊపుతూ, మధ్యమధ్య మా మొహాలు చూసుకుంటూ చెప్పాడు.

అక్క గిన్నె కిందపెట్టి, నెమ్మదిగా అంది: “ఇదే ముక్క లోపల కుర్సీలో కూకున్నోల్లకి సెప్పరాదేటి?”

బావ ఆమెకేసి చూశాడు, పెట్టెకేసి చూశాడు, మళ్లీ ఆమెకేసి చూశాడు.

ఆ సాయంత్రం అత్తయ్య అన్న మాట ప్రకారం చేపల బదులు తను పస్తు ఉంది. ఆవిడ తినకపోతే బావ తినడు, బావ తినకపోతే అక్క తినదు. నాకు ఆకలి వేసింది గానీ అది చెప్పే వాతావరణం లేదు. దీపాలు పెట్టిన కాసేపటికి అత్తయ్యే లేచి ఉప్మా చేసింది, పిల్లలు మాడిపోతున్నారని. త్యాగం రెండున్నర గంటలు నిలిచింది.

సోమవారం మొదటి పేషెంటు బుగ్గలో ఎప్పుడూ బెల్లంముక్క పెట్టుకునే ఒక రిటైరైన బస్సు కండక్టరు. బావ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టలేదు. చెయ్యిపట్టుకుని నాచు పెట్టె దగ్గరికి తీసుకొచ్చాడు. ఇది రోజుకి అయిదుసార్లు తింది బాబూ, ఇదిగో ఇలాగయింది అన్నాడు. మీ పళ్లసందుల్లో ఏం జరుగుతోందో ఇక్కడ గాజులోంచి కనిపిస్తోందన్నాడు. కండక్టరు వంగి, కళ్లజోడు పెట్టుకుని, ఆ పచ్చని జుట్టుని చాలాసేపు చూసి, బెల్లంముక్కని బుగ్గలోంచి తీసి జేబురుమాల్లో చుట్టాడు. అయితే తిండి మానెయ్యాలేటి అని అడిగాడు. “మానొద్దు” అన్నాడు బావ. “పొద్దస్తమానం పెట్టొద్దు.” వారం తిరక్కుండా ఆయన తన స్నేహితుల్ని నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పళ్లకోసం కాదు, నాచు చూపించడానికి. వచ్చారు కదా అని పళ్లు కూడా చూపించుకున్నారు.

షాపతను ఆరోజే ఫోన్ చేస్తే, పెట్టె ఇప్పుడు పనిలో ఉందని చెప్పాను. సాయంత్రం షట్టరు దించుతూ, విశాఖపట్నం ఫోన్ చేశారా అని బావని అడిగాను. మర్చిపోయానన్నాడు. వచ్చిన ప్రతి మనిషి నోట్లో ఏ పన్ను ఏ వైపు తిరిగి ఉందో ఏళ్ల తరవాత కూడా చెప్పగలిగిన మనిషి.

తరవాత దీపానికి టైమర్ పెట్టాం, తిండి రోజుకి ఒక్క చిటికెడే అయింది, నత్తలకి కూలి గిట్టుబాటయింది. రెండు మూడు నెలల్లో రాళ్లు రాళ్లలాగ కనబడ్డాయి. అప్పటికి పెట్టెలో నాచు తగ్గిపోతోందని బావ కొంచెం దిగులుపడ్డాడు కూడా, చూపించడానికి ఏమీ మిగలదేమోనని.

అయితే అంతా పోలేదు. ఎడమ మూలలో, అరచెయ్యంత మేర, ఎప్పుడూ పచ్చగా ఉండేది. బావ దానిమీద ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. ఆ మూల నీళ్ల కదలిక చాలదని పంపు తిప్పాడు. వెలుతురు ఎక్కువని అట్ట అడ్డుపెట్టాడు. ఇంటర్నెట్‌లో ఏవేవో దేశాలవాళ్లకి ఫోటోలు పంపితే, వాళ్లు పొడుగాటి జవాబులు రాశారు. అత్తయ్య ఆ జవాబులన్నీ తన కుర్చీలో కూర్చుని, ఒళ్లో సంచీతో, ఎంతో శ్రద్ధగా వినేది. ఆ దేశాల్లో నీళ్లు వేరురా అని సర్దిచెప్పేది.

మేమందరం ఆ ఆదివారం మానేశాం కదా. అందరం అనే అనుకున్నాం.

నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, రిజిస్టరు స్థానంలో కంప్యూటరు వచ్చింది, అప్ప మోకాళ్లనొప్పులకి పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లింది. చేపలు రెండూ అరచేతిలో సగమయ్యాయి. కిందటేడు వానల్లో అత్తయ్య పోయింది. ఎక్కువ బాధపడలేదు, ఆఖరిరోజు చూడ్డానికి వచ్చిన నర్సుని తిన్నావా అని అడిగిందని అక్క చెప్పింది.

రెండు నెలల తరవాత నేను వెళ్లేసరికి మధ్యాహ్నం, క్లినిక్ ఖాళీగా ఉంది. బావ చేతులు వెనక్కి కట్టుకుని పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ మూల తెల్లగా ఉంది. ఎక్కడా ఒక్క పచ్చని చుక్క లేదు; వెనక గోడమీద పదేళ్ల కిందటి పెయింటరు చేతిముద్ర మళ్లీ కనిపిస్తోంది. ఇద్దరం ఆ మూల పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూశాం.

మళ్లీ మొన్న క్రిస్మస్‌కి వెళ్లాను. భోజనాలయ్యాక కిందికి దిగితే, బావ అత్తయ్య కుర్చీలో కూర్చుని, వలమూత అంచు ఎత్తి, ఎడమ మూలలో ఏదో రాలుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్కడ గాజుమీద అరచెయ్యంత మేర, లేతగా, మళ్లీ పచ్చదనం పట్టింది.

“నత్తలకి తిండి సాల్డం లేదు” అన్నాడు.

నత్తలు ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉన్నాయి.

“అవును బావా” అన్నాను. “పాపం సిక్కిపోనాయి.”

ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా బల్ల వెనక కూర్చున్న అమ్మాయి మర్యాదగా ఆధార్ నంబరు అడుగుతుంది, పేరు తెరమీద అదే వస్తుంది, మెట్ల దగ్గర పారిపోయేవాళ్లని ఎవరూ ఆపరు. పొద్దున్నించీ ఏమీ తినకుండా రావాలన్న నియమం మాత్రం కాగితంమీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. పస్తు ఉన్నావా అని అడుగుతారు, ఉన్నానంటే సంతోషిస్తారు. మా అత్తయ్య అయితే ఆ కాగితాన్ని ఏం చేసి ఉండేదో ఊహించుకుంటూ కూర్చున్నాను. టీవీలో మొదటి చేప మొదటి రాయి వెనకనుంచి మళ్లీ వచ్చింది. పక్కనున్న ముసలమ్మ ఇంకా నా జవాబు కోసమే చూస్తోంది.

ఎవరూ పెట్టరమ్మా, అది ఉత్త బొమ్మ, అని చెప్పాను.

ఆవిడ తల ఊపి, కొంగు సర్దుకుని, మళ్లీ ఒకసారి ఆ నీళ్లకేసి చూసింది.

“అందుకే ఇంత సుబ్బరంగా ఉన్నాది” అంది.